చెవులు, నెత్తి నొప్పి పుట్టకుండా గంటల తరబడి పెట్టుకోగలిగే ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్స్ ఎంచుకోవడం ఎలా: 10 నుంచి 25 వేల బడ్జెట్‌కి పూర్తి గైడ్

"పదిహేను వేలలో మంచి ఓపెన్ బ్యాక్ ఏది" అని అడిగేవాళ్ళు ఈ మధ్య బాగా ఎక్కువయ్యారు. అందరికీ విడివిడిగా చెప్పేకంటే మొదట్నుంచి చివరిదాకా వరసగా ఒకేచోట రాసేస్తే పనికొస్తుందని ఇది రాస్తున్నా. నేనుండేది చెన్నైలో కాబట్టి ఇక్కడి ఎండ, చెమట, ఫ్యాన్ గోల అన్నీ లెక్కలో వేసుకునే చెప్తా. నెల్లూరులో ఉన్నా విజయవాడలో ఉన్నా మీ పరిస్థితి కూడా పెద్ద తేడాగా ఉండదు.

ముందే ఒక మాట. ఈ రేటులో దొరికే పేరున్న మోడల్స్ సౌండ్ పరంగా దాదాపు అన్నీ బావుంటాయి, తేడా తెలిసేది తల మీద పెట్టుకున్నాకే. గంటన్నర అయ్యేసరికి నడినెత్తి నొప్పి పుట్టించే హెడ్‌ఫోన్ ఎంత బాగా పాడినా దాన్ని మీరు వాడరు. అందుకే ముందు గది, తర్వాత తల, తర్వాత ఫోనో ల్యాప్‌టాపో ఏది వాడతారో అది, ఆఖర్న మోడల్. చాలామంది మోడల్ ముందు ఫిక్స్ అయిపోయి మిగతావన్నీ కొన్నాక చూస్తారు, తిప్పలన్నీ అక్కడే మొదలవుతాయి.

1. మీ గదికి అసలు ఓపెన్ బ్యాక్ పనికొస్తుందా

ఓపెన్ బ్యాక్ అంటే కప్పు వెనకవైపు మూసేసి ఉండదు, జాలీ ఉంటుంది. గాలి, శబ్దం రెండు వైపులా వెళ్తాయి. దానివల్ల చెవి దగ్గర వేడి తక్కువ, లోపల గాలి బిగబట్టినట్టు ఉండదు, పాట తల లోపల కాకుండా చుట్టూ ఉన్నట్టు వినిపిస్తుంది. అదే జాలీ వల్ల బయట శబ్దం మొత్తం లోపలికి వస్తుంది, మీ పాట మొత్తం బయటికి పోతుంది.

కాబట్టి ఈ చిన్న టెస్ట్ చెయ్యండి. మీరు రోజూ వినే టైముకి, వినే కుర్చీలో, ఫ్యాన్ రోజూ ఎంత స్పీడులో ఉంటుందో అంతే పెట్టి రెండు నిమిషాలు ఊరికే కూర్చోండి. ఫ్యాన్, ఏసీ, రోడ్డు మీద హారన్లు, పక్కింటి టీవీ, వంటింట్లో మిక్సీ, ఏమేం వినపడ్డాయో అవన్నీ హెడ్‌ఫోన్ పెట్టుకున్నాక కూడా వినపడతాయి.

ఇంకో విషయం షాపులో ఎవరూ చెప్పరు. సీలింగ్ ఫ్యాన్ సరిగ్గా కింద కూర్చుంటే గాలి ఆ జాలీ మీద కొట్టి సుయ్‌మని ఒక శబ్దం వస్తూనే ఉంటుంది. కుర్చీ రెండడుగులు పక్కకి జరిపితే చాలావరకు పోతుంది, ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఫ్యాన్ కింద నుంచి జరగలేం కాబట్టి ఆ నెలల సంగతి కూడా ఇప్పుడే ఆలోచించుకోండి.

బయట గోలని మించి వినపడాలని వాల్యూమ్ పెంచడం మొదలైతే అది చెవులకే ప్రమాదం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి చెప్పే హద్దు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు. 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ టైము సగానికి పడిపోతుంది.

వీటిలో ఒక్కదానికి "అవును" వచ్చినా వెనకవైపు మూసి ఉండే క్లోజ్డ్ బ్యాక్ చూస్కోండి, ఇక్కడితో ఆపెయ్యొచ్చు:
- చెన్నైలో ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డు వైపు పీజీల్లోలాగా షేరింగ్ రూములో, రూమ్మేట్ పడుకున్నాక వింటారు
- ఆఫీసులో పక్క సీటువాళ్ళ మధ్య వాడాలి
- బస్సులో, లోకల్ ట్రైన్‌లో వాడాలి
- కిటికీ తీస్తే మెయిన్ రోడ్డే, తియ్యకుండా ఉండలేరు

ఇంటి నుంచి పనిచేసేవాళ్ళకి ఓపెన్ బ్యాక్‌లో ఒక లాభం ఉంది, కాల్‌లో మన గొంతు మనకి మామూలుగా వినిపిస్తుంది కాబట్టి తెలీకుండా అరవం. కాకపోతే వీటిలో ఎక్కువవాటికి మైక్ ఉండదు, ల్యాప్‌టాప్ మైక్ వాడుతుంటే వాల్యూమ్ తక్కువ పెట్టండి, లేకపోతే అవతలివాళ్ళ మాటే వాళ్ళకి తిరిగి వినపడుతుంది.

2. మీ తల, చెవులు కొలుచుకోండి

ఎవరూ చెయ్యని పని ఇది, కానీ ఐదు నిమిషాలే పడుతుంది. స్కేలు తీసుకుని ఇంట్లో ఎవర్నైనా సాయం అడగండి.

- చెవి పొడుగు, తమ్మెతో సహా
- చెవి వెడల్పు
- చెవి తల నుంచి ఎంత బయటికి వచ్చి ఉంది, ఇది అన్నిటికంటే ముఖ్యం
- ఒక చెవి పైనుంచి రెండో చెవి పైవరకు తల వెడల్పు

చెవి ప్యాడ్ లోపలి రంధ్రంలో మొత్తం పట్టాలి. పొడుగు సరిపోయి లోతు సరిపోకపోతే చెవి అంచు లోపలున్న డ్రైవర్ (శబ్దం పుట్టించే చిన్న స్పీకర్) మీది గుడ్డకి తగులుతూ ఉంటుంది, మొదటి పది నిమిషాలు తెలీదు, అరగంటకి దురద, గంటకి మంట. చెవులు బాగా బయటికి ఉన్నవాళ్ళు ప్యాడ్ లోతు చూడకుండా ఏదీ కొనొద్దు.

కళ్ళజోడు ఉంటే ఇంకో లెక్క. కాడ మీద ప్యాడ్ నొక్కితే ఆ నొక్కుడు కణత మీద పడుతుంది, పైగా కాడ దగ్గర సందు ఏర్పడి బేస్ కొంచెం తగ్గుతుంది. సన్నటి మెటల్ కాడలైతే పర్లేదు, లావుపాటి ప్లాస్టిక్ ఫ్రేమ్ అయితే మెత్తగా లోపలికి దిగే వెల్వెట్ లాంటి వెలోర్ ప్యాడ్స్ ఉన్నవే చూడండి.

కమ్మలు పెట్టుకునేవాళ్ళు ముందువైపు కాదు వెనకవైపు శీల చూస్కోండి. గుండ్రటి శీల చెవి వెనక బయటికి పొడుచుకొచ్చి ఉంటే తమ్మె మడతపడినప్పుడు అది సరిగ్గా ఎముక మీద గుచ్చుకుంటుంది. జడ కానీ క్లిప్పు కానీ పైన పెట్టుకునే అలవాటుంటే బ్యాండ్ ఎక్కడ కూర్చుంటుందో కూడా ఆలోచించాలి.

3. సుఖంగా ఉందా లేదా తేల్చేవి నాలుగే

బరువు. 250 గ్రాముల చుట్టుపక్కల ఉంటే చాలామందికి హాయిగా ఉంటుంది. 350 దాటితే మెడకి తెలుస్తుంది. సెన్‌హైజర్ హెచ్‌డీ 560ఎస్ 240 గ్రాములు, హైఫైమాన్ హెచ్‌ఈ400ఎస్‌ఈ 390 గ్రాములు, రెండిటి మధ్యా 150 గ్రాముల తేడా ఉంది, చేత్తో పట్టుకుంటే చిన్నదే కానీ మూడు గంటలు నెత్తి మీద మొయ్యాలంటే చిన్నది కాదు. అయితే బరువు అంకె ఒక్కటే చూసి తీసిపారెయ్యకండి, అది నెత్తి మీద ఎంత మేర పరుచుకుంటుందో కూడా చూడాలి. వెడల్పాటి పట్టీ వేలాడే డిజైన్ అయితే బరువు పంచుకుంటుంది, సన్నటి ప్యాడింగ్ ఒకేచోట ఆనితే 260 గ్రాములు కూడా నొప్పే.

బిగింపు. రెండు కప్పులు తలని ఎంత గట్టిగా పట్టుకుంటున్నాయి అనేది. ఎక్కువైతే దవడ దగ్గర నొప్పి, తక్కువైతే వంగినప్పుడల్లా జారిపోతుంది, పైగా బరువంతా నెత్తి మీదే పడుతుంది. బిగింపుకి కాస్త బరువు మోసే పని కూడా ఉంటుంది అన్నమాట, అందుకే మరీ వదులుగా ఉన్నది సుఖం అనుకోకండి. సెన్‌హైజర్, బేయర్‌డైనమిక్ మోడల్స్ కొత్తలో గట్టిగా ఉంటాయి, నెమ్మదిగా వదులవుతాయి.

కప్పులు తిరగడం. దవడ ఎముక దగ్గర తల లోపలికి ఉంటుంది, కణత దగ్గర బయటికి ఉంటుంది, దానికి తగ్గట్టు కప్పు పైకీ కిందకీ వంగాలి, ముందుకీ వెనక్కీ కూడా కొంచెం తిరగాలి. హైఫైమాన్ సుందరాలో కప్పులు ముందుకీ వెనక్కీ తిరగవు, కొన్ని తలలకి సరిగ్గా సరిపోతుంది, కొన్నిటికి చెవి వెనక సందు వచ్చేస్తుంది. పెట్టుకుని చూస్తే తప్ప చెప్పలేం.

ప్యాడ్ గుడ్డ. చెన్నైలో ఉండేవాళ్ళకి నేను గట్టిగా చెప్పే మాట, వెలోర్ కానీ మామూలు గుడ్డ ప్యాడ్ కానీ తీస్కోండి. ఆర్టిఫిషియల్ లెదర్ ఇక్కడి ఉక్కపోతకి చెమట పట్టి చర్మానికి అంటుకుంటుంది, కొన్నాళ్ళకి నల్లటి పొట్టు రాలడం మొదలవుతుంది.

4. ఫోన్‌కా, ల్యాప్‌టాప్‌కా: పవర్ సంగతి

ఓమ్స్ (హెడ్‌ఫోన్ కరెంటుని ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె) ఎక్కువుంటే ఆంప్, అంటే సౌండ్‌కి పవర్ పెంచే యాంప్లిఫైయర్ కావాలి, తక్కువుంటే అక్కర్లేదు అని అందరూ అనేస్తుంటారు, అది సగమే నిజం. సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవర్‌కి ఎంత గట్టిగా మోగుతుందో, అది కూడా చూడాలి. హెచ్‌డీ 560ఎస్ 120 ఓమ్స్ అయినా 1 వోల్టుకి 110 డెసిబెల్స్ ఇస్తుంది, అంటే ఫోన్‌కి హెడ్‌ఫోన్ పిన్ తగిలించుకునే చిన్న యూఎస్‌బీ-సీ డాంగుల్ చాలు. హెచ్‌ఈ400ఎస్‌ఈ ఓమ్స్ చాలా తక్కువే కానీ సెన్సిటివిటీ తక్కువ, ఫోన్‌కి నేరుగా పెడితే నీరసంగా ఉంటుంది, కాస్త మంచి డాంగుల్ కానీ చిన్న డెస్క్ ఆంప్ కానీ ఉండాలి. బేయర్‌డైనమిక్ డీటీ 990 ప్రో 250 ఓమ్స్ వెర్షన్‌కి కూడా అంతే.

యాపిల్ యూఎస్‌బీ-సీ డాంగుల్ చవక, మంచిది, కానీ కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో సౌండ్ బాగా తక్కువ వస్తుంది. ల్యాప్‌టాప్‌కైతే ఆ బాధ లేదు. ఆండ్రాయిడ్ వాళ్ళు వేరేది తీస్కోండి.

5. డబ్బు ఎలా పంచుకోవాలి

చేతిలో 18 వేలుంటే 18 వేల హెడ్‌ఫోన్ కొనకండి. 14, 15లో హెడ్‌ఫోన్, మిగతాది డాంగుల్‌కి, ఏడాదో రెండేళ్ళో పోయాక కొనాల్సిన ప్యాడ్స్‌కి. మన చెమటకి ప్యాడ్స్ తొందరగా చదునైపోతాయి. కాబట్టి కొనే ముందు ఆ మోడల్‌కి విడిగా ప్యాడ్స్ ఇండియాలో దొరుకుతున్నాయా, వాటి ధర ఎంత అని తప్పకుండా చూడండి. ఫిలిప్స్ ఎస్‌హెచ్‌పీ9500 చాలా సుఖమైనదే అయినా దాని ప్యాడ్స్ సులభంగా ఊడిరావు, అది దాని పెద్ద లోటు.

కేబుల్ ఊడదీసి మార్చుకునేలా ఉందా లేదా కూడా చూడాలి. ఎక్కువ చెడిపోయేది కేబులే. చక్రాల కుర్చీ కింద పడి నలిగిన కేబుల్స్ ఎన్నో, ఫిక్స్‌డ్ కేబుల్ అయితే అది సోల్డరింగ్ పని.

6. ఇప్పుడు మోడల్స్

ధరలు ఆఫర్ని బట్టి మారుతుంటాయి కాబట్టి రూపాయల్లో రాయట్లేదు, కొనే రోజు చూస్కోండి.

ఒకే ఒక్కటి చెప్పమంటే సెన్‌హైజర్ హెచ్‌డీ 560ఎస్ చెప్తా. తేలిక, వెలోర్ ప్యాడ్స్, కేబుల్ ఊడుతుంది, డాంగుల్‌తో నడిచిపోతుంది. కొత్తలో బిగుతు ఉంటుంది, తల పెద్దదైతే మొదటి వారం ఓపిక పట్టాలి.

తల పెద్దదైనా, బిగుతు అస్సలు పడకపోయినా ఫిలిప్స్ ఎస్‌హెచ్‌పీ9500 చూడండి. పెద్ద కప్పులు, వదులు పట్టు, 32 ఓమ్స్, ఫోన్‌కే నడుస్తుంది. తల చిన్నదైతే జారుతుంది.

ఏకేజీ కే702 235 గ్రాములే, పెట్టుకోగానే పట్టీ దానంతట అదే సర్దుకుంటుంది, గాత్రం, వీణ, వయొలిన్ లాంటివి చాలా విశాలంగా వినిపిస్తాయి. చెన్నైలో డిసెంబర్, జనవరిలో జరిగే మార్గళి సంగీత సీజన్ కచేరీ రికార్డింగులు వినేవాళ్ళకి నేను ఇదే చెప్తా. బేస్ తక్కువ, సినిమా పాటల బీటు కోసమైతే వద్దు.

డీటీ 990 ప్రో ప్యాడ్స్ ఈ రేటులో అన్నిటికంటే మెత్తన అనిపిస్తాయి నాకు, కానీ పైస్థాయి శబ్దాలు, అంటే "స" కారాలు, తాళాలు, గిలకల్లాంటివి పదునుగా ఉంటాయి, సున్నితమైన చెవులున్నవాళ్ళు రెండు గంటలకి అలిసిపోతారు. కేబుల్ ఫిక్స్‌డ్, చుట్టలు చుట్టలుగా ఉంటుంది, భుజం మీద లాగుతుంది.

ప్లానార్ (చదునైన పల్చటి పొర కదిలి శబ్దం పుట్టించే రకం) సౌండే కావాలి, బేస్ అడుగుదాకా దిగాలి అనుకుంటే హెచ్‌ఈ400ఎస్‌ఈ, బడ్జెట్ పై అంచులో 372 గ్రాముల సుందరా. మెడ నొప్పి ముందే ఉన్నవాళ్ళు మాత్రం ఈ రెండూ పెట్టుకుని చూడకుండా కొనొద్దు.

7. షాపులో ట్రయల్ ఎలా చెయ్యాలి

మౌంట్ రోడ్ పక్కనున్న రిచీ స్ట్రీట్‌లో డాంగుల్స్, కేబుల్స్, అడాప్టర్లు బాగా దొరుకుతాయి, ఓపెన్ బ్యాక్ ట్రయల్ మాత్రం ప్రతి షాపులో ఇస్తారని ఆశ పెట్టుకోకండి. డెమో పీసు ఉందా అని ముందు ఫోన్ చేసి కనుక్కుని వెళ్ళండి, లేదా తెలిసినవాళ్ళ దగ్గరుంటే ఒక సాయంత్రం అడిగి తెచ్చుకోండి, అదే అన్నిటికంటే మంచి ట్రయల్.

షాపు గోలలో సౌండ్ అంచనా వెయ్యలేం, దాని మీద టైము పెట్టకండి. సుఖం మాత్రం అక్కడే తేల్చుకోవచ్చు. "అన్నా, ఇరవై నిమిషాలు పెట్టుకుని చూస్తా, తొందరేం లేదు కదా" అని ముందే అడిగి కూర్చోండి.

- రోజూ పెట్టుకునే కళ్ళజోడు, కమ్మలతోనే వెళ్ళండి
- బ్యాండ్ మీ తలకి సర్దాకే టైము లెక్కపెట్టండి, ఒక్కో వైపు ఎన్ని క్లిక్కులో చూస్కోండి
- కిందకి చూడండి, పైకి చూడండి, పక్కకి తిరగండి, జారిందా
- నమిలినట్టు దవడ ఆడించండి, నొక్కుతోందా
- పదిహేనో నిమిషంలో కళ్ళు మూసుకుని ఒక్కచోట గమనించండి, నడినెత్తి, కణత, చెవి అంచు, దవడ. ఎక్కడ ముందు తెలిస్తే రేపు నొప్పి అక్కడే
- తీశాక హాయి అనిపించిందా? అనిపిస్తే అది మీది కాదు

ఐదు నిమిషాలు పెట్టుకుని "సూపర్ మెత్తగా ఉంది" అని కొనేస్తుంటారు, కొత్త ఫోమ్ ఏదైనా ఐదు నిమిషాలు మెత్తగానే ఉంటుంది.

8. ఆన్‌లైన్‌లో కొంటే మొదటి వారం

ఆర్డర్ పెట్టే ముందు రిటర్నా, రీప్లేస్‌మెంటా చదవండి. చాలాచోట్ల రీప్లేస్‌మెంట్ మాత్రమే ఉంటుంది, "నా తలకి బిగుతుగా ఉంది" అంటే వెనక్కి తీస్కోరు. జీఎస్టీ బిల్లు తప్పకుండా తీస్కోండి, వారంటీకి అదే ఆధారం. పెట్టె తెరిచేటప్పుడు వీడియో తియ్యండి, లోపలి కవర్లు పారెయ్యకండి. మరీ సగం రేటుకి కనిపిస్తే నకిలీ అయ్యే అవకాశం ఎక్కువ.

వచ్చిన రోజే ఎడమ, కుడి సమానంగా ఉన్నాయా చూడాలి. మన దగ్గర దీనికి చక్కటి దారుంది. ఘంటసాల గారి కాలం పాటలు ఎక్కువగా మోనో రికార్డింగులు, గొంతు, వాద్యాలు అన్నీ సరిగ్గా మధ్యలో, ముక్కుకి సూటిగా వినిపించాలి. గొంతు ఒక పక్కకి జరిగినట్టుంటే హెడ్‌ఫోన్ తిరగేసి పెట్టుకోండి, గొంతు కూడా అటునుంచి ఇటు మారితే తప్పు హెడ్‌ఫోన్‌దో రికార్డింగుదో, మారకపోతే మీ చెవిది. స్టీరియో చేసి మళ్ళీ విడుదల చేసిన వెర్షన్లు ఈ టెస్టుకి వద్దు.

ఆ తర్వాత వారంలో కనీసం రెండుసార్లు రెండేసి గంటలు ఆపకుండా వాడండి, ఒకటి ఏసీలో, ఒకటి ఫ్యాన్ కింద. ఈ రెండిటికీ తేడా బాగా తెలుస్తుంది.

9. నొప్పి ఎక్కడో చెప్తే మందు చెప్పొచ్చు

నడినెత్తి మీద: బ్యాండ్ పొట్టిగా పెట్టుకున్నారు. రెండు వైపులా ఒక్కో క్లిక్ పెంచండి. బ్యాండ్ వేలెడు ముందుకో వెనక్కో జరిపి చూడండి, ఆనే చోటు మారితేనే సగం తగ్గుతుంది.

దవడ, చెవి కింద: బిగింపు ఎక్కువ. మీ తల వెడల్పు కంటే కొంచెం ఎక్కువ మందంగా పుస్తకాలు పేర్చి, వాటి మీద రాత్రంతా హెడ్‌ఫోన్ తొడిగి ఉంచండి. పొద్దున చూసి, చాలకపోతే మళ్ళీ. ప్లాస్టిక్ బ్యాండ్‌ని చేత్తో వంచొద్దు, విరిగితే వారంటీ రాదు.

చెవి అంచు మంట: డ్రైవర్‌కి తగులుతోంది. లోతైన ప్యాడ్స్ వేయించొచ్చు, లేదా ప్యాడ్ కింద సన్నటి ఫోమ్ రింగ్ పెట్టొచ్చు. ఏది చేసినా సౌండ్ మారుతుందని గుర్తుంచుకోండి, గుడ్డ ప్యాడ్ తీసి లెదర్ వేస్తే మరీ మారుతుంది.

కణత మీద కళ్ళజోడు నొక్కుడు: హెడ్‌ఫోన్ పెట్టుకున్నాక కాడలని కొంచెం పైకి లేపి ప్యాడ్ మెత్తటి చోటుకి తెచ్చుకోండి. తగ్గకపోతే ఆ ఫ్రేమ్‌కి ఆ హెడ్‌ఫోన్ పడదు, వినేటప్పటికి సన్న కాడల పాత జోడు వాడండి.

నొప్పి లేదు కానీ విసుగు, చెవులు అలిసినట్టు: ఇది సౌండ్ వల్ల. ముందు వాల్యూమ్ తగ్గించండి. సౌండ్‌లో ఏ భాగం ఎంత ఉండాలో సర్దే యాప్‌లు, విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ, ఆండ్రాయిడ్‌లో వేవ్‌లెట్ పెట్టుకుని 8 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల 3, 4 డెసిబెల్స్ తగ్గించి ఒక రోజు వినండి. డీటీ 990 ప్రో ఉన్నవాళ్ళకి ఇది దాదాపు తప్పనిసరి.

భుజం వైపు లాగుతున్నట్టు: 3 మీటర్ల కేబుల్ బరువు అది. చొక్కాకి క్లిప్ పెట్టండి లేదా పొట్టి కేబుల్ తెచ్చుకోండి.

10. చెన్నై వాతావరణంలో కాపాడుకోవడం

తలకి కొబ్బరి నూనె పెట్టుకున్న రోజు హెడ్‌ఫోన్ నేరుగా పెట్టుకోకండి. నూనె బ్యాండ్ ఫోమ్‌లోకి ఇంకితే వాసన పోదు, లెదర్ పగులుతుంది. తప్పకపోతే బ్యాండ్ మీద కాటన్ గుడ్డ చుట్టండి.

వెలోర్ ప్యాడ్స్ నెలా రెండు నెలలకోసారి ఊడదీసి, గోరువెచ్చటి నీళ్ళలో కొంచెం మైల్డ్ సోప్ వేసి మెల్లగా నొక్కి కడగండి, పిండొద్దు, తువ్వాలు మధ్య పెట్టి నొక్కి నీడలో ఒక రోజు పూర్తిగా ఆరనివ్వండి. లోపల తడి ఉండగా తగిలించొద్దు. లెదర్ ప్యాడ్‌ని తుడవడమే, కడగొద్దు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానల్లో, వాడనప్పుడు సిలికా జెల్ పొట్లాలు వేసిన మూత డబ్బాలో పెట్టండి, లేకపోతే వెలోర్‌కి బూజు వాసన వస్తుంది.

ఎప్పుడైనా బేస్ వచ్చినప్పుడు ఒకవైపు సన్నగా జర్రుమంటే డ్రైవర్ పోయిందని కంగారు పడకండి. చాలాసార్లు అది లోపలికి దూరిన ఒక వెంట్రుక డ్రైవర్‌లో కదిలే పల్చటి పొరకి తగలడం వల్ల. ప్యాడ్ తీసి, దాని కిందున్న ఫోమ్ పొర జాగ్రత్తగా ఎత్తి, లైటు వెలుతురులో చూసి వెంట్రుక కొసని పట్టకారుతో మెల్లగా లాగండి. డ్రైవర్ పొరని తాకొద్దు, నోటితో ఊదొద్దు, వాక్యూమ్ అస్సలు పెట్టొద్దు. ఫోమ్ పొర చినిగిపోయి ఉంటే కొత్తది వేశాకే ప్యాడ్ తగిలించండి.